వారాంతపు పడవ ఇల్లయ్యేటప్పుడు: 36 అడుగుల స్లూప్ కేస్ స్టడీ

పడవ 36 అడుగుల ఫైబర్‌గ్లాస్ స్లూప్. 1987లో కట్టింది. తెరచాపలు కట్టే నిలువు స్తంభం, అంటే మాస్ట్, ఒకటే. దానికి ముందొక తెరచాప, వెనకొకటి. పడవ ఒరిగిపోకుండా అడుగున సీసపు కీల్, మెట్ల కింద చిన్న డీజిల్ ఇంజన్. ఖాళీగా ఉన్నప్పుడు బరువు ఆరున్నర టన్నుల దాకా ఉంటుంది. యజమానులు యాభైకి అటూ ఇటూగా ఉన్న భార్యాభర్తలు. చాలా ఏళ్ళుగా వారాంతాల్లో, సెలవుల్లో ఇదే పడవ మీద తిరుగుతున్నారు. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేసి పూర్తిగా పడవలోనే ఉండాలని తేల్చుకున్నారు. ఆయన ల్యాప్‌టాప్ మీద చేసే ఉద్యోగం కొనసాగుతుంది. ఆవిడ ఉద్యోగం మానేశారు.

పాత పడవలను పరీక్షించడం, మరమ్మతులు దగ్గరుండి చేయించడం నా పని. వాళ్ళు నా దగ్గరికి వచ్చేసరికే చేతిలో ఒక జాబితా ఉంది: సోలార్ ప్యానెళ్ళు, లిథియం బ్యాటరీలు, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే వాటర్‌మేకర్, శాటిలైట్ ఇంటర్నెట్, కొత్త పరుపులు, చిన్న వాషింగ్ మెషీన్. చేతిలో ఉన్న డబ్బుకు ఒక హద్దుంది. వీటిలో ఏది ముందు కొనాలో చెప్పమన్నారు. జాబితా నిండా కొనాల్సిన వస్తువులే తప్ప, పడవలో ఇప్పటికే ఉన్నవాటి పరిస్థితి ఏమిటన్న మాట ఒక్కటీ లేదు. సంసారం పడవలోకి మార్చాలనుకునే వాళ్ళ జాబితాలు ఎక్కువగా ఇలాగే ఉంటాయి కాబట్టి నాకు ఆశ్చర్యం వేయలేదు.

వారాంతపు పడవకు క్షమాగుణం ఎక్కువ. బ్యాటరీ సగమే ఎక్కినా ఆదివారం సాయంత్రానికి జెట్టీ కరెంటు దొరుకుతుంది. పక్క మీద కిటికీ కారితే తువ్వాలు వేసి ఇంటికెళ్ళిపోతాం. టాయిలెట్ పంపు మొరాయిస్తే వచ్చే వారం చూసుకోవచ్చు. అందులోనే కాపురం పెడితే ఈ వచ్చే వారం అనేది ఉండదు. అందుకని ఏమీ కొనకుండా, ఏమీ మార్చకుండా, ఉన్న పడవలోనే రెండు వారాలు లంగరు మీద ఉండి రమ్మన్నాను. జెట్టీకి రాకూడదు, కరెంటు తీగ తగిలించకూడదు. కనిపించిన ఇబ్బందల్లా ఒక నోటు పుస్తకంలో రాయాలి, ఎవరి ఇబ్బంది వాళ్ళే రాయాలి. పెద్దగా ఇష్టపడలేదు కానీ వెళ్ళారు.

తిరిగొచ్చాక ఆ పుస్తకంలో వాషింగ్ మెషీన్ మాటే లేదు. ఆవిడ రాసిన మొదటి అంశం, వీపు ఆనించుకుని కూర్చోవడానికి పడవ మొత్తంలో ఒక్క చోటు కూడా లేదని. రెండోది, ఆయన వీడియో కాల్‌లో ఉన్నంతసేపూ వంటింటి వైపు వెళ్ళడానికి వీల్లేదని. ఆయన రాసింది కరెంటు గురించి: మూడో రోజు నుంచీ రోజూ రెండు గంటలు ఇంజన్ నడపాల్సి వచ్చింది, ఆ చప్పుడుకి ఇద్దరికీ తల వాచిపోయింది. ఇద్దరూ విడివిడిగా రాసిన అంశం ఒక్కటే. పరుపు కింద తడి.

పరుపు సంగతి ఇక్కడే ముగిస్తాను. మూసి ఉన్న క్యాబిన్‌లో ఇద్దరు మనుషులు రాత్రంతా వదిలే ఊపిరిలోనూ చెమటలోనూ అర లీటరుకు పైగానే తేమ ఉంటుంది. అది చల్లగా ఉన్న ఫైబర్‌గ్లాస్‌కి తగిలి నీరవుతుంది. పరుపు కింద ఉన్న ప్లైవుడ్ పలక తీసేసి గాలాడేలా చెక్క బద్దీలు పరిచాం. పక్కనున్న పడవ గోడకు లోపలి నుంచి ఫోమ్ షీట్ అంటించాం. వానలోనూ తెరిచి ఉంచగలిగే రెండు గాలి గొట్టాలు పెట్టాం. బూజు ఆగింది. జాబితాలో రాసుకున్న కొత్త పరుపులు కొనే పని తప్పింది.

విప్పి చూస్తే

పడవను ఒడ్డుకెక్కించి నేను మొదలుపెట్టింది చెయిన్‌ప్లేట్లతో. మాస్ట్‌ను నిలబెట్టే స్టీలు తీగలు కింద వచ్చి తగులుకునే పట్టీలే చెయిన్‌ప్లేట్లు. ఈ పడవలో పక్కకి మూడు చొప్పున ఆరున్నాయి. డెక్‌ను చీల్చుకుని కిందికి దిగి, లోపల ప్లైవుడ్ అడ్డగోడకు బోల్టులతో బిగించి ఉంటాయి. పైన చూస్తే ధగధగా మెరుస్తున్నాయి. కింద క్యాబిన్‌లోంచి చూసినా అంతే. ఎడమ పక్క ఒకదాని కింద చెక్క మీద మాత్రం టీ మరకలాంటి సన్నని చార ఉంది. అది ఎప్పటినుంచో ఉందనీ, తుడిస్తే పోతుందనీ ఆయన అన్నారు.

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకపోవడానికి కారణం దాని ఒంటి మీద ఉండే పల్చని క్రోమియం ఆక్సైడ్ పొర. ఆ పొర గీసుకుపోతే మళ్ళీ ఏర్పడటానికి ఆక్సిజన్ కావాలి. డెక్ మందంలో ఇరుక్కున్న రెండంగుళాల భాగానికి పైనా కిందా సీలెంట్ పూసి ఉంటుంది కాబట్టి గాలి అందదు. సీలెంట్ ముసలిదై ఎక్కడో వెంట్రుకవాసి ఊడితే ఉప్పునీరు దిగి అక్కడే కూర్చుంటుంది. ఉప్పునీరు ఉండి గాలి లేని ఆ చోట స్టెయిన్‌లెస్‌ను లోలోపలే తినేసే తుప్పు మొదలవుతుంది. బయటికి కనిపించే భాగం మాత్రం చివరిదాకా మెరుస్తూనే ఉంటుంది.

ఆ పట్టీని బయటికి లాగాం. పైభాగం అద్దంలా ఉంది, కిందిభాగం అద్దంలా ఉంది, మధ్య రెండంగుళాలు మాత్రం మశూచి మచ్చల్లాంటి గుంటలు. శుభ్రంగా తుడిచి, పగుళ్ళు పట్టే ఎర్ర ద్రవం పూసి, కాసేపాగి తుడిచేసి, పైన తెల్ల పొడి స్ప్రే చేశాను. తెలుపు మీద ఎర్రగీత ఒకటి మెల్లగా పైకి తేలింది. వెడల్పులో మూడో వంతు దాకా పగిలి ఉంది. ఇద్దరూ పక్కనే నిలబడి చూశారు. దాన్ని నమ్ముకుని వాళ్ళు ఎన్ని గాలుల్లో తిరిగారో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

మిగిలిన అయిదూ తీశాం. ఇంకో రెంటిలో గుంటలున్నాయి, పగులు లేదు. ఆరింటినీ మార్చాలన్నాను. ఒకే రోజు బిగించినవి ఒకే నీళ్ళలో నానాయి, వాటిలో బాగున్నవి ఏరుకోవడంలో అర్థం లేదు. మరక ఉన్న చోట ప్లైవుడ్ అడ్డగోడ కింది బోల్టుల దగ్గర మెత్తబడింది. ఆ భాగం కోసేసి కొత్త చెక్క అతికించి, పైన గ్లాస్ ఫైబర్ పరిచాం. డెక్ రంధ్రాల చుట్టూ లోపలున్న బాల్సా చెక్కను అంగుళం మేర తవ్వి, ఖాళీని గట్టిపడే చిక్కటి ఎపాక్సీ జిగురుతో నింపి, దాంట్లోంచి కొత్తగా రంధ్రం తొలిచాం. ఇక మీదట సీలెంట్ ఊడినా నీరు చెక్కను చేరదు. మాస్ట్ దించాం కాబట్టి తీగలూ మార్చేశాం. వాటి వయసు పద్దెనిమిదేళ్ళు. పది పదిహేనేళ్ళు దాటిన తీగలంటే ఇన్సూరెన్స్ వాళ్ళే ముఖం చిట్లిస్తారు.

జాబితాలో లేని ఈ ఒక్క పని వాటర్‌మేకర్‌కు ఉంచిన డబ్బంతా మింగేసింది. ఆయన ముఖం మాడ్చుకున్నారు. ఆవిడ జాబితా తీసుకుని వాటర్‌మేకర్‌ను తానే కొట్టేశారు.

తర్వాత పడవ అడుగున ఉన్న రంధ్రాలు. సింకులకు, టాయిలెట్‌కు, ఇంజన్ చల్లబరచడానికి మొత్తం తొమ్మిది ఉన్నాయి. ప్రతిదానికీ లోపల సీకాక్ అనే వాల్వు ఉంటుంది. ఒకదాని పిడి తిప్పబోతే చేతికి ఊడొచ్చింది. గీకి చూస్తే లోహం గులాబీ రంగులో ఉంది. అది కంచు కాదు, మామూలు ఇత్తడి. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి మాత్రం బిస్కెట్టులా పెళుసుగా మిగులుతుంది, ఆ రంగు దానిదే. నీటి మట్టానికి 60 సెంటీమీటర్ల లోతున ఒకటిన్నర అంగుళం రంధ్రం తెరుచుకుంటే నిమిషానికి 140 లీటర్లకు తగ్గకుండా నీళ్ళు వస్తాయి. డబ్బా మీద రాసిన లెక్కను నమ్మి కొన్న చిన్న బిల్జ్ పంపు, అంటే పడవ అడుగున చేరిన నీళ్ళు తోడేది, ఆ వేగాన్ని అందుకోలేదు. అసలు అవసరం లేని మూడు రంధ్రాలను శాశ్వతంగా పూడ్చేశాం. మిగతా ఆరింటికి కంచు సీకాక్‌లు, ప్రతి గొట్టానికీ రెండేసి క్లాంపులు, ప్రతి వాల్వు పక్కనా తాడుతో కట్టిన మెత్తటి చెక్క బిరడా. రంధ్రాన్ని మించిన ప్రమాదం పడవ అడుగున లేదని నా నమ్మకం. ఎన్ని తగ్గిస్తే అంత నిద్ర.

గ్యాస్ పని చిన్నదే కానీ దాని వంతు వచ్చేదాకా ఆగలేదు. వంటగ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోకుండా పడవ అడుగుకు దిగి నీళ్ళలా నిలుస్తుంది, ఇంజన్ స్టార్ట్ చేసినప్పటి చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే సిలిండర్ పెట్టెకు అడుగున బయటికి తెరుచుకునే డ్రెయిన్ ఉండాలి. ఇక్కడ ఉంది, కానీ పాత రంగు పేరుకుని మూసుకుపోయింది. దాన్ని తెరిచి, గొట్టాలు మార్చి, సిలిండర్ దగ్గర ప్రెషర్ గేజ్ పెట్టాం. పరీక్ష తేలిక: పొయ్యి బర్నర్లు ఆపి, సిలిండర్ తెరిచి గేజ్ చూసుకుని, సిలిండర్ మళ్ళీ కట్టేసి మూడు నిమిషాలు ఆగాలి. ముల్లు కదలకూడదు. ఈ పరీక్ష ఇప్పుడు ఆవిడ చేస్తున్నారు, నెలకోసారి.

కరెంటు లెక్క

ఆయనకు బాగా ఇష్టమైన విషయం ఇది. ఎన్ని ప్యానెళ్ళు, ఎంత బ్యాటరీ అన్నదగ్గర మొదలుపెట్టారు. నేను ఖర్చు దగ్గర మొదలుపెట్టమన్నాను. పన్నెండు వోల్టుల పడవలో లంగరు మీద ఉన్న ఒక రోజు లెక్క నోటు పుస్తకంలోంచి తీస్తే ఇలా వచ్చింది: ఫ్రిజ్ నాలుగున్నర ఆంపియర్లు లాగుతూ రోజులో సగం సేపు తిరుగుతుంది, అంటే 54 ఆంపియర్-అవర్లు (ఒక ఆంపియర్ గంటసేపు పారితే ఒక ఆంపియర్-అవర్). ఆయన ల్యాప్‌టాప్ 29, ఆవిడది 15. వాళ్ళు పెట్టించుకోబోయే శాటిలైట్ ఇంటర్నెట్ రోజుకు పది గంటలకు 40. ఫ్యాన్లు, లైట్లు, నీళ్ళ పంపు, రేడియో కలిపి 25. మొత్తం 163. ఉన్నవేమో రెండు లెడ్-యాసిడ్ బ్యాటరీలు, కలిపి 220. వాటిని సగానికి మించి వాడితే ఆయుష్షు పడిపోతుంది కాబట్టి చేతికొచ్చేది 110. రోజూ ఇంజన్ ఎందుకు మోగిందో లెక్కలోనే ఉంది.

కరెంటు తయారు చేయడం కంటే ఖర్చు తగ్గించడం చవక. ఫ్రిజ్ పెట్టె గోడలోకి చిన్న రంధ్రం పెట్టి చూస్తే పాత ఫోమ్ నాలుగైదు సెంటీమీటర్లే ఉంది, అదీ నీళ్ళు పీల్చి బరువెక్కింది. అంతా పీకి పది సెంటీమీటర్ల కొత్త ఫోమ్ పెట్టాం. లోపల చోటు తగ్గిందని ఆవిడ నొచ్చుకున్నారు. 54 కాస్తా 35కి దిగింది. ఒక చిన్న ప్యానెల్ తెచ్చేంత లాభం ఈ ఫోమ్ ముక్కలే తెచ్చాయి. రాత్రి ఇంటర్నెట్ కట్టేయడానికి ఒక స్విచ్ పెట్టాం.

తర్వాతే 300 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. అందులో ఎనభై శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు. పడవ వెనక స్టీలు కమాను, అంటే ఆర్చి, మీద 525 వాట్ల ప్యానెళ్ళు పెట్టాం. మంచి ఎండ ఉన్న రోజున 140 ఆంపియర్-అవర్ల దాకా వస్తుంది. మాస్ట్ నీడో, వెనక తెరచాప అడుగంచును పట్టే అడ్డ కర్ర బూమ్ నీడో ఒక మూల పడితే ఆ ప్యానెల్ దాదాపు పడుకున్నట్టే, అందుకే ఆర్చి మీదికి తీసుకెళ్ళాం. ఆవిడ అడిగిన వీపు ఆనే సీటు కూడా ఆ ఆర్చి స్తంభానికే అమరింది.

లిథియం గురించి ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. పాత బ్యాటరీ తీసి ఆ చోట కొత్తది పెట్టేస్తే పనైపోయిందనుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. లిథియం అంతర్నిరోధం చాలా తక్కువ. ఇంజన్ మీద కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ ఎంత ఇస్తే అంతా గంటల తరబడి లాగేస్తుంది, ఆల్టర్నేటర్ కాలిపోతుంది. ఇంకో ప్రమాదం, ఛార్జింగ్ మధ్యలో బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ టక్కున తెగ్గొడితే, వెళ్ళే దారి లేని వోల్టేజీ ఎగిరి ఆల్టర్నేటర్ డయోడ్లను కొట్టేస్తుంది. మేం ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీని లెడ్-యాసిడ్‌గానే ఉంచి, ఆల్టర్నేటర్‌ను దానికే కలిపాం. అక్కడి నుంచి 30 ఆంపియర్లకు మించనివ్వని డీసీ-డీసీ ఛార్జర్ ద్వారా లిథియంకు వెళ్తుంది. ఆల్టర్నేటర్‌కు ఎప్పుడూ ఒక లెడ్ బ్యాటరీ తోడుంటుంది. లిథియం షార్ట్ అయితే వేల ఆంపియర్లు పారతాయి. ఆ ప్రవాహాన్ని మామూలు ఫ్యూజు తెంచలేదు, కాలిపోయాక కూడా లోపల మెరుపు కొనసాగుతుంది. అందుకని అంత ప్రవాహాన్నీ తెంచగల క్లాస్-టీ ఫ్యూజు పెట్టాం. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ఈ-11 ప్రమాణం ప్రకారం సాధారణంగా అది బ్యాటరీకి 7 అంగుళాల లోపుండాలి. తీగలన్నీ తగరం పూత ఉన్న రాగివి.

బరువు, లంగరు, నీళ్ళు

ఈ సైజు పడవ సుమారు 190 కిలోలు ఎక్కిస్తే ఒక సెంటీమీటరు మునుగుతుంది. పుస్తకాలు, పనిముట్లు, విడిభాగాలు, తిండిసామాను, ఆర్చి, ప్యానెళ్ళు, నీళ్ళు, డీజిల్ అన్నీ కలిపి టన్నున్నర తేలింది. అంటే ఎనిమిది సెంటీమీటర్లు. మునగడం కంటే బరువు ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. ముక్కు దగ్గర, తోక దగ్గర బరువు పెరిగితే పడవ ప్రతి అలకీ తలూపుతూ వేగం పోగొట్టుకుంటుంది. ఆర్చి తోకనే ఉంది కాబట్టి డబ్బాలు, పనిముట్లు, నీళ్ళు మధ్యకు చేర్చాం. ముక్కులో ఉన్న 60 మీటర్ల 10 మిల్లీమీటర్ల గొలుసు తీసి, బలంలో దానికి తీసిపోని 8 మిల్లీమీటర్ల గ్రేడ్-70 (మరింత బలమైన ఉక్కు) గొలుసు వేశాం. ముక్కు మీద యాభై కిలోలకు పైగా తగ్గింది. గొలుసు మారితే దాన్ని లాగే విండ్‌లాస్ పళ్ళచక్రం కూడా మార్చాలి, లేకపోతే గాలి పెరిగిన రాత్రి గొలుసు జారిపోతుంది.

తగ్గిన బరువులో కొంత లంగరుకే ఇచ్చాం: 16 కిలోల స్థానంలో 20. గొలుసు ఎంత వదలాలన్న లెక్కలో వాళ్ళు నీటి లోతునే తీసుకుంటున్నారు. అయిదు మీటర్ల లోతు, ముక్కు ఎత్తు 1.2, రాబోయే పోటు 1.5 కలిపితే 7.7. గొలుసు దీనికి అయిదు రెట్లు వదలాలంటే 38.5 మీటర్లు. లోతు ఒక్కదాన్నే పట్టుకుంటే 25 మీటర్లతో ఆగిపోయేవాళ్ళు.

వాటర్‌మేకర్ పోయాక నీళ్ళ సంగతి మళ్ళీ చర్చకు వచ్చింది. నిజానికి దాని మీద నాకు మొదటినుంచీ మోజు లేదు. ఉప్పునీటిని 55 బార్ల ఒత్తిడితో పొర గుండా తోసే యంత్రం అది. నూనె తేలే హార్బర్ నీళ్ళలో నడపకూడదు. క్లోరిన్ ఉన్న నీళ్ళతో కడిగితే పొర పాడవుతుంది. వారానికి మించి ఊరికే ఉంచితే రసాయనంలో నిల్వ చేయాలి. మహాసముద్రాలు దాటేవాళ్ళకు సరే, తీరం వెంట తిరిగే వీళ్ళకు అదొక మూడో మనిషి. ట్యాంకుల్లో 300 లీటర్లు పడతాయి. రోజుకు తలకు 12 లీటర్లతో సరిపెట్టుకుంటే పన్నెండు రోజులు. సింకు పక్కన సముద్రపు నీటికి కాలితో నొక్కే పంపు ఒకటి పెట్టాం, గిన్నెలు తోమడం దాంతోనే. ఆరు చదరపు మీటర్ల ఎండ గుడ్డ మధ్యలో గొట్టం కుట్టించాం. 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే 60 లీటర్లు.

ఒక్కరే మిగిలితే

ఇది ఇద్దరూ వాయిదా వేస్తూ వచ్చిన భాగం. ఇన్నేళ్ళూ ఆయన తిప్పుతారు, ఆవిడ తాళ్ళు పడతారు. అది అలవాటు. పడవలో ఎప్పుడూ ఉండేది ఇద్దరే అయినప్పుడు, ఒకరు నీళ్ళలో పడితే పడవ నడిపే బలగం ఒక్కరే. అందుకని ఇంజన్ స్టార్ట్ చేయడం, చాపలు దించడం, లంగరు వేసి తీయడం, రేడియోలో 16వ ఛానెల్ మీద సాయం పిలవడం, అన్నీ ఇద్దరూ ఒంటరిగా చేసి చూపించాలన్నాను. ప్రశాంతమైన రోజున పడవ జెట్టీకి రాసుకోకుండా కట్టే రబ్బరు ఫెండర్‌ను నీళ్ళలోకి విసిరి "మీ ఆయన పడిపోయారు, తీయండి" అన్నాను.

ఫెండర్ దగ్గరికి పడవను తేవడం ఆవిడకు రెండో ప్రయత్నంలోనే వచ్చింది. అసలు సమస్య ఆ తర్వాతే. తడి బట్టలతో ఎనభై కిలోల మనిషిని మీటరు ఎత్తున్న డెక్ మీదికి ఎలా లాగుతారు? ఆయన నీళ్ళలోకి దిగి కదలకుండా ఉన్నారు, ఆవిడ లాగి చూశారు. భుజం దాకా కూడా రాలేదు. బూమ్ చివర నాలుగు రెట్ల బలమిచ్చే కప్పీల తాడు కట్టి, దాని కొస, తాళ్ళు చుట్టి లాగే వించ్‌కు చుట్టి మళ్ళీ చేశాం. ఈసారి ఆయన మెల్లగా పైకి వచ్చారు, వేలాడుతూ. ఆ కప్పీల సంచి ఇప్పుడు చుక్కాని పక్కనే ఉంటుంది. అయితే మనిషి పడకుండా ఉండటమే అసలు పని కాబట్టి, డెక్ పొడవునా రెండు పట్టీలు కట్టి, రాత్రిపూట పడవ నడుపుతూ కూర్చునే కాక్‌పిట్ దాటితే నడుముకున్న తాడు వాటికి తగిలించాలని వాళ్ళే నియమం పెట్టుకున్నారు. ఆపదలో ఉపగ్రహాల ద్వారా సాయం కోరే సంకేతం పంపే పరికరం, 406 మెగాహెర్ట్జ్ ఈపిర్బ్ కొని, పడవ పేరు మీద రిజిస్టర్ చేయించారు. రిజిస్టర్ చేయని ఈపిర్బ్ నుంచి సంకేతం వెళ్తుంది కానీ, ఆ పడవ ఎవరిదో, ఎవరికి ఫోన్ చేసి కనుక్కోవాలో అవతలివాళ్ళకు తెలియదు.

ఇప్పటి పరిస్థితి

వాళ్ళు పడవలోకి మారి ఒక సీజన్ గడిచింది. రెండు రోజులకు మించి మబ్బు పడితే తప్ప ఛార్జింగ్ కోసం ఇంజన్ మోగడం లేదు. ఆయన డెస్క్‌ను ముందు క్యాబిన్‌కు మార్చుకున్నారు, వంటింటి దారి తెరుచుకుంది. ఇంటర్నెట్ స్విచ్ మాత్రం కొన్ని రాత్రులు కట్టడం మరిచిపోతున్నారు, కాబట్టి నా లెక్కలో ఆ పద్దు పెంచి మళ్ళీ రాశాను. కుడి పక్క కిటికీ ఒకటి పెద్ద వానలో ఇంకా చెమ్మగిల్లుతోంది. సీలెంట్ మార్చినా ఆగలేదు కాబట్టి ఫ్రేమే వంగి ఉంటుందని నా అనుమానం. వచ్చేసారి ఒడ్డుకెక్కించినప్పుడు ఆ ఫ్రేమ్ తీయాలి. ఇంజన్ ఎగ్జాస్ట్ వంపు విప్పి లోపల ఎంత మసి పేరుకుందో చూడాలి. డీజిల్ ట్యాంకుకు చేయి దూరే మూత పెట్టి అడుగున ఉన్న బురద తోడాలి. కొత్త చెయిన్‌ప్లేట్లలో ఎడమ పక్క మధ్యదాన్ని ఒకసారి బయటికి లాగి చూస్తానని ముందే చెప్పి ఉంచాను. వాటర్‌మేకర్ సంగతి ఆయన మళ్ళీ ఎత్తారు. ముందు నీళ్ళ ఖర్చు నోటు పుస్తకం చూపించమన్నాను.